నీళ్లు లేకుండా కొయ్యకు

ఏమే, ఇవాళ నా బదులు రాళ్లు కోసేది నువ్వే కదా, ఇది చదివాకే బయల్దేరు. మిషను చల్లారాకే పెట్రోలు పొయ్యి. బ్లేడు మీది రేకు ఎవరు చెప్పినా తియ్యకు. బ్లేడు పైఅంచు రాయికి తగలనివ్వకు, మిషను ఎగిరి మొహమ్మీదకొస్తుంది. నీళ్ల పైపు తగిలించకుండా ఒక్క రాయి కూడా కొయ్యకు. బురదవుతోందని మేస్త్రీ సణిగితే సణగనీ. నువ్వు చెంబుతో నీళ్లు పోస్తానని వెనకాలే తిరిగితే నేనూ అలాగే కసిరేవాణ్ణి. పదకొండేళ్లు మింగిన ఆ రాతి దుమ్మే ఇప్పుడు నన్ను నాలుగు మెట్లు ఎక్కనివ్వట్లేదు. ఆస్పత్రికి ఒక్కణ్ణే పోతున్నా. డాక్టరు చెప్పేది నీ ఎదుట వినలేను.

అన్నట్టు, సంచిలో నీ చెంబు కూడా పెట్టాను. పైపులో నీళ్లు ఆగిపోతే ఎవర్నైనా పొయ్యమని అడుగు, నీ వెనకాల నేనుండను కదా.