ఏత్వం మాత్రమే నా స్వార్జితం

రాజోలు కాపురస్తుడు, కీర్తిశేషులు నేలపూడి దానియేలు గారి కుమారుడు, రిటైర్డు తెలుగు మాస్టారు నేలపూడి అబ్బులు అనే నేను, డెబ్బై నాలుగేళ్ళ వయసులో, బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా. గుండెలో రెండు స్టెంట్లున్నాయి గానీ తలకాయకి ఏ లోపమూ లేదని డాక్టరు గారిచ్చిన చీటీ దీనికి జతపరిచేను. ఇంత గట్టిగా చెప్పటం ఎందుకంటే, కింద నాలుగో అంశం చదివేక నా కొడుకు క్రాంతికుమార్ "నాన్నకి మతి తప్పిందండి" అంటాడు. తప్పలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ తర్వాత ఇప్పుడే కుదిరింది.

ఇంతకు ముందు నేను వీలునామా ఏదీ రాయలేదు. రాసినవన్నీ పాటలు. వాటిలో ఒక్క వాక్యం గురించే ఈ కాగితంలో సగం పైన ఉంటుంది. ఆస్తి గురించి కొంచెమే. ఆస్తే కొంచెం.

1. రాజోలులో నా స్వార్జితమైన పెంకుటిల్లు, దాని వెనక నలభై సెంట్ల కొబ్బరితోట నా భార్య నిర్మల తన జీవితకాలం అనుభవించవలెను. ఆమె తదనంతరం నా కుమారుడు క్రాంతికుమార్‌కి, కుమార్తె కరుణకి చెరిసగం దఖలు పడవలెను. కొడుకు వాటా మాత్రం అయిదో అంశంలోని షరతుకి లోబడి ఉంటుంది.

2. సదరు వాక్యం. ఆస్తి రాసేటప్పుడు ఏదో, ఎక్కడిదో స్పష్టంగా చెప్పాలి కాబట్టి చెప్తున్నాను:

"పంటెళ్ళిపోయిందండి, పక్కనే కూర్చోండి."

పంటు అనగా సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం రేవుకి జనాన్నీ మోటారు సైకిళ్ళనీ కార్లనీ గోదారి దాటించే పెద్ద పడవ. పంటంటే ఏంటో తెలియని వాళ్ళకి కూడా ఈ వాక్యం తెలుసు. ఎన్నికల్లో ఓడిపోయినవాడి ఇంటి ముందు గెలిచినవాళ్ళు దీన్నే పాడతారు. పెళ్ళి కుదరని కుర్రాణ్ణి దీంతోనే ఏడిపిస్తారు. ఆటోల వెనక ఉంది, చీరల కొట్టు ప్రకటనలో ఉంది. తాటిపాక కుర్రాళ్ళు నలుగురు గల్ఫులో విమానం తప్పిపోయి, అక్కడే నేల మీద చతికిలబడి దీన్నే పాడి ఫోన్లో పెడితే లక్షల మంది చూసేరు. నాకు స్టెంట్లు వేసిన డాక్టరు గారిది హైదరాబాదు. మత్తు దిగుతూ కళ్ళు తెరిచేసరికి ఆయన నోట్లో కూనిరాగం ఇదే. ఇది రాసింది నేనేనని పక్కనున్న నర్సు చెప్తే, "పంటు అంటే పొలంలో పంట అనుకున్నానండి" అన్నారాయన.

పాటలో ఈ వాక్యం తర్వాత నేను రాసిన పాదాలు ఇరవై రెండు. సమాసాలున్నాయి, అంత్యప్రాసలున్నాయి, ఒకచోట శ్లేష కూడా ఉంది. వాటిలో ఒక్కటీ ఎవరికీ తెలీదు. లోకానికి తెలిసింది నేను రాయని ఒక్క వాక్యం.

3. రాయలేదని అన్నాను కాబట్టి వివరం చెప్పాలి. 1987 డిసెంబరులో, క్రిస్మస్ ఇంకా వారం ఉందనగా, నరసాపురంలో మా ట్రూపు ప్రోగ్రాం. ట్రూపంటే ఇద్దరం. రాసేది, హార్మోనియం వాయించేది నేను, పాడేది నా చిన్ననాటి స్నేహితుడు శ్యామ్ సుందర్. సఖినేటిపల్లి రేవులోకి మేం పరిగెత్తుకుని దిగేసరికి పంటు కదిలిపోయింది. ఒడ్డున టీ కొట్టుంది. నా హార్మోనియం పెట్టె తీసుకెళ్ళి ఆ కొట్టు బల్ల మీద పెట్టేను, సరిగ్గా గ్లాసులు పెట్టుకునే చోట. కొట్టావిడకి పాతికేళ్ళు దాటి ఉంటాయి. టీ వడకడుతూ, తలెత్తకుండానే అంది: "పంటెళ్ళిపోయిందండి, పక్కన కూర్చోండి."

అంటే అడ్డం తప్పుకోండని. గోదారి మనిషి కాబట్టి అంత మర్యాదగా అంది.

పక్కన కూర్చున్నాను. రెండో పంటు వచ్చేలోపు ఆ మాటని సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసుకుని, "పక్కన"కి ఏత్వం తగిలించి "పక్కనే" చేసేను. అడ్డం లెమ్మన్న మాట కాస్తా వలపు మాటయిపోయింది. నా బతుకులో నేను చేసిన కవిత్వమంతా ఆ ఏత్వమే.

ఆ రోజు ప్రోగ్రాంలో జనం ఆ పల్లవిని నాలుగుసార్లు పాడించుకున్నారు. కమిటీ పెద్దాయన ఒకరు "ఎక్కడ పట్టేరండి ఆ మాట" అని అడిగేరు. టీ కొట్టులో అని చెప్పటానికి సిగ్గేసింది. మా నాన్న పాలికాపు, ఒకరి పొలంలో జీతగాడు. ఆయన కొడుకు తెలుగు పండితుడయ్యేడంటే మాట పుస్తకాల్లోంచి రావాలిగానీ రేవు ఒడ్డునుంచి రాకూడదని నాకుండేది. "తోచిందండి" అన్నాను. ఆ ఒక్క ముక్కని తర్వాత ఎప్పుడూ వెనక్కి తీసుకోలేకపోయేను.

క్యాసెట్టు వచ్చింది. అయిదేళ్ళకి సినిమావాళ్ళు పల్లవి ఎత్తుకుని తెర మీద "సంప్రదాయ జానపదం" అని వేసేరు. అప్పటికి నాకు నలభై రెండేళ్ళు. బతికుండగానే సంప్రదాయం అయిపోయేనని ఒళ్ళు కాలిపోయింది నాకు. పన్నెండేళ్ళు ఉత్తరాలు రాసి, పేపర్లకెక్కి, పెద్దల చుట్టూ తిరిగి, ఆఖరికి ఆ పాట పక్కన నా పేరు వేయించుకున్నాను. దాని మీద సన్మానాలు, పంటు కవి అని బిరుదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ సినిమావాళ్ళు వేసిన కార్డే నిజం. ఉన్న నిజాన్ని కొట్టించి అబద్ధం రాయించుకోవటానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది.

4. సత్యదుర్గ గారి విషయం. ఈ ఏడు ఫిబ్రవరిలో గుండె పరీక్షలకని కరుణ నన్ను కార్లో నరసాపురం తీసుకెళ్ళింది. ఇన్నేళ్ళూ నేను ఆ రేవుకి మొహం చాటేసి చించినాడ వంతెన మీంచి చుట్టు తిరిగి వెళ్ళేవాణ్ణి. కరుణకి ఆ సంగతి తెలీదు, దగ్గర దారని రేవుకే తిప్పింది. పంటు అప్పుడే కదిలింది. కొట్టు అక్కడే ఉంది, రేకుల షెడ్డు వేసుకున్నారు. ఆనాటి కొట్టావిడ కోడలు టీ కాస్తోంది. ఆవిడ స్టూలు మీద కూర్చుని గ్లాసులు తుడుస్తోంది. జుట్టు తెల్లబడిపోయింది. పేరు సత్యదుర్గ అని నాకు ఆ రోజే తెలిసింది. అంతకు ముందు కనుక్కోలేదు కూడా.

నన్ను చూసి "పంటెళ్ళిపోయిందండి" అంది. అని ఆగిపోయింది. నేను రెండో సగం కోసం చూస్తూ నించున్నాను. ఎంతకీ రాలేదు. "తర్వాత మాట అనరేంటండి" అని అడిగేను.

"అది మానేసేనండి. అంటే సినిమా పాట పాడుతున్నానని నవ్వుతారు. పాట రాకముందు నుంచీ నా మాటేనండీ అంటే ఇంకా నవ్వుతారు. మా ఆయన పోయేదాకా నన్ను అబద్ధాల దుర్గా అనే పిలిచేవోడండి. సరదాకేలెండి."

రోజుకి ఇరవైసార్లు అనే తన మాటని తన నోటితో తను అనకుండా చేసేను నేను. అక్కడే నించుని మొత్తం చెప్పేను. హార్మోనియం పెట్టె ఎక్కడ పెట్టేనో, "తోచిందండి" అని ఎవరితో అన్నానో, అన్నీ. నా కూతురు కూడా మొదటిసారి అప్పుడే వింది. ఆవిడ చేతిలో గ్లాసు తుడవటం పూర్తి చేసి బోర్లించింది.

"మా ఆయనున్నప్పుడు రాకపోయేరాండి" అంది.

తిట్టలేదు. తిడితే నాకు కొంత తేలికగా ఉండేది. ఏం చెయ్యమంటారండి అని అడిగేను. "బోర్డుల మీద నా పేరు వెయ్యకండి, నాకు సిగ్గు. స్టాంపు కాగితం మీద రాసివ్వండి. మా కోడలు చదువుకుంది, చదువుద్ది" అంది. అప్పటిదాకా మా మాటలు పట్టించుకోకుండా ఫోను చూసుకుంటున్న కోడలు దాన్ని బల్ల మీద పెట్టి అత్తగారి వైపు చూసింది.

కావున ఇందుమూలంగా ధ్రువపరిచి రాసేది ఏమనగా, సదరు వాక్యం సఖినేటిపల్లి రేవులో టీ కొట్టు సత్యదుర్గ గారిది. ఆవిడ అబద్ధం ఆడలేదు. ఆడింది నేను. ఆవిడ మాటని ఆవిడకే రాసిద్దామంటే, "మీది కానిది వీలునామాలో ఇంకొకరికి రాయటం చెల్లదండి" అన్నారు మా ప్లీడరు కాశీవిశ్వనాథం గారు. సరే, రాయటం లేదు. ఎత్తుకొచ్చింది అప్పగిస్తున్నాను. ఏత్వం మాత్రం నా స్వార్జితం కాబట్టి దాన్ని సర్వహక్కులతో ఆవిడకి రాస్తున్నాను. అక్కర్లేదనుకుంటే తీసెయ్యవచ్చు.

ఇది రిజిస్టరైన రోజునే సర్టిఫైడ్ నకలు కరుణ స్వయంగా తీసుకెళ్ళి ఆవిడ చేతికి ఇవ్వవలెను. నేను పోయేదాకా ఆగనక్కర్లేదు. ఆవిడ భర్త విషయంలో ఆగి ఏం సాధించేనో చూసేను.

5. క్రాంతికుమార్‌కి. నాయనా, అమలాపురంలో నీ హోటలుకి పంటు అని పేరు పెట్టుకున్నావు, ఉంచుకో. పడవ పేరు ఎవరి సొత్తూ కాదు. కానీ ఆ రేవులో నిలబెట్టాలని నువ్వు చెక్కించిన నల్లరాయి, నా బొమ్మా, పైన ఆ వాక్యమూ, కింద "రచన: మా తండ్రిగారు" అనీ ఉన్నది, నిలబెట్టకూడదు. నిలబెడితే ఇంట్లో, తోటలో నీ వాటా కరుణకి చెందుతుంది. రాయి మంచిదే, పారెయ్యకు. బోర్లా వేయిస్తే హోటలు పెరట్లో గిన్నెలు తోముకోవటానికి పనికొస్తుంది.

ఈ కాగితం అందరికంటే నీకే కష్టమని నాకు తెలుసు. ఎనిమిదో క్లాసులో "ఆ పాట మీ నాన్నది కాదంట" అన్న కుర్రాడి పన్ను ఊడగొట్టి వచ్చేవు. నేను పైకి తిట్టి, లోపల మురిసిపోయేను. ఆ కుర్రాడు చెప్పింది నిజం. వాడెక్కడున్నాడో కనుక్కుని నా తరఫున క్షమాపణ చెప్పు.

6. కరుణకి నా పాటల నోటు పుస్తకాలు తొమ్మిదీ చెందవలెను. వాటి కోసం ఎవరూ పోటీకి రారు. పసితనంలో నువ్వు ఆ పాట రెండో చరణం పాడితేనే నిద్రపోయేదానివి, పల్లవి పాడితే లేచిపోయేదానివి. నా ఇరవై రెండు పాదాలూ ఈ భూమ్మీద పూర్తిగా వచ్చిన మనిషివి నువ్వొక్కదానివే. ఈ వీలునామా అమలుకర్తగా కూడా నిన్నే నియమిస్తున్నాను.

7. నిర్మలకి ఇంకొకటి. అమలాపురం సన్మానంలో ఇచ్చిన వెండి పంటు నీది. కరిగించుకున్నా సరే. నరసాపురం ప్రోగ్రాం నుంచి వచ్చేక, రేవులో జరిగింది నీకొక్కదానికే చెప్పేను. "అయితే వెళ్ళి ఆవిడతో చెప్పండి" అన్నావు. చెప్తానన్నాను. తర్వాత నాకు జరిగిన సన్మానాల్లో ఒక్కదానికీ నువ్వు రాలేదు. మోకాళ్ళ నొప్పులండి అని అందరితో చెప్పేదానివి. ఆదివారం గుడికి మాత్రం మైలు దూరం నడిచే వెళ్ళేదానివి. నన్ను నలుగుర్లో బయటపెట్టలేదు, నా పక్కన స్టేజీ ఎక్కనూ లేదు. రేవు నుంచి ఇంటికొచ్చి, చెప్పేసేనని నీకు చెప్పిన రోజున నువ్వు లోపలికెళ్ళి చందువా చేప పులుసు పెట్టేవు. డాక్టరు వద్దన్నాడని మూడు నెలలుగా పెట్టనిది. అది నాకు జరిగిన సన్మానాల్లోకి రాసుకున్నాను.

8. శాలువాలు అరవై ఒకటి. మా సంఘంలో పిల్లలు వేసే క్రిస్మస్ నాటికకి ఇవ్వవలెను. గొర్రెల కాపరులకి సాదావి, జ్ఞానులకి జరీవి. చలికి ఒక్కటీ పనికిరాదు, నేను కప్పుకు చూసేను.

9. నా భూస్థాపనలో ఆ పాట వాయించకూడదు. బ్యాండువాళ్ళు అలవాటు కొద్దీ వాయించేస్తారు. వాయిస్తే మాత్రం మధ్యలో ఆపొద్దు, శవం ముందు గొడవ బాగోదు.

10. శ్యామ్ సుందర్ గురించి. ఆ రేవులో నా వెంట ఉన్నది వాడొక్కడే. ఆవిడ అన్నది వాడూ విన్నాడు. నా పేరు పడ్డాక "పల్లవి అబ్బులుది కాదు, నాది" అని కోనసీమంతా చెప్పేడు గానీ, నిజంగా ఎవరిదో చెప్పలేదు. చెప్తే వాడిదీ కాకుండా పోతుంది. నేనూ అంతే. ఒకడి గుట్టు ఒకడి దగ్గర పెట్టుకుని ఇరవై ఏళ్ళు మాటల్లేకుండా ఉన్నాం. వాళ్ళ అమ్మాయి పెళ్ళికి నేను వెళ్ళలేదు. వాడి భార్య పోయినప్పుడు ఉత్తరం రాసేను, పోస్టులో వెయ్యలేదు.

హార్మోనియం వాడికి రాద్దామనుకున్నాను. వాడి చేత సాక్షి సంతకం కూడా పెట్టించుకోవాలనుకున్నాను. సాక్షి సంతకం పెట్టినవాడికి వీలునామా కింద ఏదీ చెందదని ప్లీడరు గారన్నారు. పోయిన వారం ఆ పాత ఉత్తరం ఇచ్చి కరుణని వాళ్ళింటికి పంపేను, హార్మోనియం కావాలో, సంతకం పెడతాడో అడగమని. ఉత్తరం చదువుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడట. తర్వాత "ఆ హార్మోనియం శ్రుతి అప్పుడే బాగుండేది కాదమ్మా. సంతకానికి వస్తానని చెప్పు. చివర 'అండీ'ని సాగదీసింది మాత్రం నేనేనని అందులో రాయమను" అన్నాడట.

రాసేను. హార్మోనియం సండే స్కూలుకి చెందవలెను.

పైన రాసినదంతా నేనే రాసి, చదువుకుని, సాక్షుల ఎదట సంతకం చేసేను. ఇందులో తోచిన మాట ఒక్కటీ లేదు, అన్నీ జరిగినవే.

రాజోలు, 2025 ఆగస్టు 18, సోమవారం.

(సంతకం) నేలపూడి అబ్బులు

సాక్షులు:

1. కుడిపూడి సూర్యారావు, రిటైర్డు పోస్టుమాస్టరు, రాజోలు. అబ్బులు మాస్టారు నా ఎదట సంతకం చేసేరు.

2. బొంతు శ్యామ్ సుందర్, గాయకుడు, మలికిపురం. అబ్బులు నా ఎదట సంతకం చేసేడు. ఆ రోజు రేవులో ఆవిడ ఆ మాట అనగా నేనూ విన్నాను. అది వాడిదీ కాదు, నాదీ కాదు.