గేటు కాడ నోరు జారిన

పటాన్‌చెరు, ఆగస్టు 2003, మంగళవారం

ఇండ్లల్ల దెబ్బలు తినే ఆడోళ్లతోని ఎట్ల మాట్లాడాలెనో పదిహేనేండ్ల సంది నేర్పిస్తున్న. ఇయ్యాల నేనే తప్పు చేసిన.

చర్చి హాల్ల అంగన్‌వాడీ టీచర్లకు మొదటి రోజు ట్రైనింగు. మధ్యాహ్నం చిన్న నాటకం ఏయించిన. లక్డారం టీచరు సుజాత భార్య వేషమేసింది. "ఆయన బండి సప్పుడు ఇనంగనే పిల్లల చెప్పులు దొడ్డి తలుపు కాడ పెడ్త. ఉరికేటప్పుడు దేవులాడొద్దు గద" అన్నది. అందరు చప్పట్లు కొట్టిన్రు, నేను గుడ.

ఐదింటికి ఆమె మొగడు స్కూటర్ మీద వచ్చి గేటు కాడ నమస్తే పెట్టిండు. మంచిగనే కనబడ్డడు. "మీ ఆమె ఇయ్యాల దెబ్బలు తినే భార్య లెక్క మస్తు చేసింది" అన్న.

"అట్లనా మేడం? ఏమేం చెప్పింది?" అన్నడు, నవ్వుకుంటనే.

సుజాత మొఖం జూసినంక సమజైంది. నేను రాసిచ్చిన కాయితంల చెప్పుల ముచ్చటే లేదు.

ఏం లేదు, ఊకెనే అని మాట మార్చిన. ఆమె స్కూటర్ ఎక్కి ఒక్కసారన్న ఎనుకకు జూడలే.

ఫోన్ చేస్తే ఎత్తేది ఆయనే. ఇంటికి పోదామంటే ఏం చెప్పి పోవాలె? పోతే ఇంకింత అనుమానం.

పొద్దుగాల బోర్డు మీద పెద్దగ రాసిన, ఈడ ఇన్న మాట గడప దాటొద్దని. అది తుడవకుంటనే తాళమేసి వచ్చిన. రేపు సుజాత లోపలికి రాంగనే ముందుగాల అదే కనబడ్తది.

వస్తే...