పాత బ్రేక్ ప్యాడ్లు బల్లమీద ఉన్నాయి

అమ్మాయీ,

కారు ముందు చక్రాలు రెండింటికీ బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చాను. బండి తీసేముందు బ్రేకు ఒకసారి తొక్కి చూడు. కాలికి గట్టిగా తగలాలి. మెత్తగా లోపలికి పోతే బండి తీయకు, బస్సెక్కు. నాలుగు రోజులపాటు కాస్త ముందునుంచే నెమ్మదిగా తొక్కి ఆపు. కొత్తవి కుదురుకోవాలి.

కీచుమంటోందని నెల్లాళ్ళుగా మొత్తుకుంటున్నాను. "ఈ ఆదివారం చూపిస్తాను అత్తయ్యా" అని ప్రతి ఆదివారమూ అన్నావు. పాతవి బల్లమీద పెట్టాను, చూడు. ఇంత బండిని ఆపేది అరచేతిలో పట్టే ఈ ముక్కలట. చొక్కా కాలరులో వేసే బక్రమంత మందం కూడా మిగల్లేదు. దాని మీద భారం వేసి నువ్వూ పాపా రోజూ ఆ వంతెన దిగారు.

అన్నీ బిగించి మొదటిసారి తొక్కితే బ్రేకు నేలదాకా దిగిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కారుతో వచ్చిన పుస్తకంలో ఒక పేజీ దాటేశానని అప్పుడు చూసుకున్నాను. ప్యాడ్లు మార్చాక బ్రేకు గట్టిపడేదాకా తొక్కుతూనే ఉండాలట. పన్నెండోసారికి గట్టిపడింది. నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన కాలు ఇంత బరువుని ఆపగలదని ఈరోజే తెలిసింది.

షాపుకి వెళ్తున్నాను. జాకెట్లు ఇవ్వాల్సినవి ఉన్నాయి.

అన్నట్టు, సందు చివరిదాకా పదిసార్లు నడిపి పదిసార్లు ఆపాను. ఆగకపోతే ఆ సంగతి నీకంటే ముందు నాకే తెలియాలనుకున్నాను.