మిద్దె మీది దుమ్ము మిషన్

దుత్తలూరు దగ్గర, మా పల్లె

తిరుపతిలో ఉన్న కృపారాణి మేడమ్ గారికి మధులత నమస్కారం చేసి రాస్తున్నది.

మీరు మా మిద్దె మీద బిగించి వెళ్లిన దుమ్ము మిషన్ క్షేమం. ప్రతి సోమవారం లోపలి కాగితం తీసి, కొత్తది పెట్టి, పాతది మీరిచ్చిన కవరులో పంపుతున్నాను. కవరులో చోటు మిగిలింది కాబట్టి ఈ ఉత్తరం కూడా పెడుతున్నాను. తప్పులుంటే మన్నించండి. ఐదు వరకే చదివాను.

మా ఆయన బోరు లారీ మీద కర్ణాటకలో ఉన్నారు. ఎప్పుడొస్తారో లారీకే తెలియాలి. ఇంట్లో నేనూ అత్తయ్యే. ఆమె దీపం పెట్టగానే పడుకుంటుంది. పైన మిషన్ గుయ్యిమంటుంటే ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టుంటుంది.

ఇట్లు,
మధులత

తా.క.: మిషన్‌కి ఏమీ పెట్టనక్కర్లేదని చెప్పారు. నిజమే. కానీ నేనే అన్నం పళ్లెం తీసుకుని దాని పక్కకు వెళ్లి తింటున్నాను.


తిరుపతి

మధులత గారికి,

మీ కాగితాలు అందుతున్నాయి. కానీ మల్లెపూలలా తెల్లగా ఉన్నాయి! ఉదయగిరి కొండ వైపు నుంచి వీచే గాలిలో ఎంత దుమ్ము ఉందో తేల్చడానికే మీ ఊరు ఎంచుకున్నాం. ఇలాగే ఉంటే మిషన్‌ను సీతారామపురానికి మార్చమంటున్నారు మా పైవాళ్లు. ఏం జరుగుతోందో చెప్పండి.

కృపారాణి

తా.క.: ఫోన్ చేస్తే త్వరగా తేలుతుంది కదా?


మేడమ్ గారికి నమస్కారం.

ఫోన్ అత్తయ్య దగ్గర ఉంటుంది. స్పీకర్ పెట్టి మాట్లాడుతుంది. వీధి వీధంతా వింటుంది. పైగా కొత్తవాళ్లతో నాకు నోటితో మాట రాదు, చేత్తో రాయమంటే కాస్త వస్తుంది.

కాగితం తెల్లగా ఉండటంలో నా లోపం లేదు. మీరు వెళ్లిన రోజే అత్తయ్య చెప్పింది: "మే, అది పరాయోళ్ల సొత్తు. దుమ్ము పట్టిందంటే ఏ ఇంటి కోడలని నిన్నే అడుగుతారు." అందుకే నా నైలాన్ చీర కప్పి నాలుగు పక్కలా బిగించి కట్టాను. గాలి ఎక్కువైన రోజు రెండో చీర కూడా కప్పుతున్నాను. ఒక్క రేణువు పోనివ్వలేదు.

దయచేసి మార్చవద్దు. ఇంతకంటే శుభ్రంగా సీతారామపురంలో ఎవరు చూస్తారు?

మధులత

తా.క.: చీరకు మాత్రం ఎర్రదుమ్ము బాగా పట్టింది. ఉతికేశాను. కావాలంటే ఇకనుంచి దులిపి పొట్లం కట్టి పంపుతాను.


మధులతా,

ముందు నవ్వాను, తర్వాత తల పట్టుకున్నాను. ఆ మిషన్ పెట్టిందే దుమ్ము పీల్చడానికమ్మా! వెంటనే చీర తీసెయ్. ఇంకొన్ని వారాలు చూస్తామన్నారు.

కృపారాణి

తా.క.: ఈ గదిలో పనిచేసేది నేనొక్కదాన్నే. నవ్వు వినపడి పక్క గదివాళ్లు తలుపు తీసి చూశారు.


మేడమ్ గారికి,

సిగ్గుతో చచ్చిపోయాను. చీర తీసేశాను. తీసిన రోజే గాలి పడిపోయింది. వేపాకు కూడా కదలదు. కాగితం మళ్లీ తెల్లగానే వచ్చేలా అనిపించింది. మిషన్‌ను తీసుకుపోతారని నాకు అన్నం దిగలేదు.

మా పక్కింటి సిద్ధయ్య మామ గొర్రెల్ని చెరువు దారిన తోలుకుపోతాడు. ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడని నేను దారికి అడ్డం నిలబడ్డాను.

"మామా, రేపటి నుంచి మా ఇంటి చుట్టూ తిప్పి తోలుకుపోతావా?"

"ఏందమ్మే, దుమ్ము లేస్తాది, మీ అత్త నన్ను తిడతాది."

"దుమ్ము కోసమే మామా."

ఆయన నన్ను కిందికీ పైకీ చూసి, "మొగుణ్ణి తొందరగా రమ్మని రాయి తల్లీ" అన్నాడు. కానీ తోలుతున్నాడు. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. ఇప్పుడు కాగితాలు చూడండి, ఎంత బాగున్నాయో!

మధులత

తా.క.: అత్తయ్య దగ్గుతోంది. కాగితానికి అంటుకున్నది గొర్రె బొచ్చు. దాన్ని లెక్కలో కలపవద్దు.


చెల్లెలు మధులతకు,

ఇక సిద్ధయ్యగారి గొర్రెల్ని వాటి దారిన పోనివ్వు. అత్తయ్యగారిని ఊపిరి పీల్చుకోనివ్వు.

మా పరిశోధన నువ్వు చీర తీసిన వారమే ఆగిపోయింది. దానికిచ్చిన డబ్బు అయిపోయిందట. అప్పటి నుంచి నీ కాగితాలు ఎవరికీ అక్కర్లేదు. మిషన్ తెచ్చెయ్యమని నాకు చెబుతూనే ఉన్నారు. జీపు దొరకలేదని నేనే అబద్ధాలు చెబుతున్నాను. నీకు నిజం రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. రాస్తే కవర్లు ఆగిపోతాయి. కవరు రాగానే కాగితం పక్కన పడేసి ముందు నీ ఉత్తరమే తీస్తాను. భోజనం డబ్బా ముందు పెట్టుకుని చదువుతాను. ఇక్కడ నా పక్కన గుయ్యిమనే మిషన్ కూడా లేదు.

ఇక అబద్ధం సాగదు. సోమవారం జీపు వస్తుంది, నేనూ వస్తాను. మిషన్‌ను తీసుకుపోక తప్పదు. బదులుగా స్టాంపులంటించిన కవర్ల కట్ట తెస్తున్నాను. వాటిలో మిషన్ కాగితం పెట్టే పని లేదు, ఉత్తరం చాలు.

మీ అక్క
కృపారాణి

తా.క.: మిషన్‌కి ఏమీ పెట్టనక్కర్లేదన్నాను. నాకు పెట్టాలి. పళ్లేలు మిద్దె మీదికే తీసుకురా.