టోకెన్ చేతిలో ఉన్నవాళ్లదే లైను

బిలాస్‌పూర్ రైలు కాలనీ,
ఆదివారం పొద్దున్న

బొబ్బిలిలో ఉన్న మా పైడమ్మక్క కాళ్లకు దండం పెట్టి చెల్లెలు వరాలు రాసుకుంటున్న సంగతులు. ఇక్కడ మేం ముగ్గురం కులాసాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, బావగారు, మీ అత్తగారు కులాసా అని ఒక్క కార్డుముక్క పడెయ్యి, అంతవరకూ నాకు అన్నం సయించదు. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? ఆముదం వెచ్చచేసి రాయమన్నాను. రాస్తున్నావా, చెల్లెలి మాటే కదా అని వదిలేశావా?

ఇక్కడ వానలు తగ్గుముఖం పట్టాయి. ఇంజన్ షెడ్డు పొగ మాత్రం ఎప్పుడూ తగ్గదు. ఆరేసిన బట్ట మీద గంటలో మసి పడుతుంది, తెల్లచీర కట్టే యోగం ఈ ఊళ్లో నాకు రాసిపెట్టి లేదు. బియ్యం బాగుంటాయి కానీ చింతపండు మనదిలా ఉండదు. ఇక్కడివాళ్లు రాత్రి అన్నంలో నీళ్లు పోసి, పొద్దున్న ఉల్లిపాయ నంజుకుని తింటారు. దాన్ని బాసీ అంటారు. మన చద్దన్నమే. మొదటిసారి అది చూసినప్పుడు నువ్వు గుర్తొచ్చి పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. కాలనీ నిండా మన వైపు వాళ్లే ఉన్నా, అక్కా అని పిలుచుకోవడానికి ఒక్క మనిషి లేదు. సరేలే, కులాసా అని రాశాను కదా, కులాసాయే.

పోయిన ఉత్తరంలో, దసరాకి బావగారిని పంపమనీ, మా నూకాల్ని మీ దగ్గర ఉంచుకుని అక్కడి బడిలో వెయ్యమనీ రాశాను. దానికి ఇక్కడి నీళ్లు పడలేదనీ, నత్తి ఎక్కువైందనీ రాశాను. అది అబద్ధం, అక్కా. నీళ్లు పడ్డాయి. నత్తి తగ్గుతోంది. తగ్గుతోందనే నా ఏడుపు.

తిట్టకు. మొదటి నుంచీ చెబుతాను.

కాలనీలో మనవాళ్లు చందాలు వేసుకుని నడిపే బడిలో చిన్నపిల్లలకి తెలుగు చెప్పడానికి నన్ను పెట్టుకున్నారని ఇదివరకే రాశాను. ఒకటే పొడుగాటి పాక, మధ్యలో వెదురు తడక. తడకకి ఇటు నేను. వానలు మొదలయ్యాక అటువైపు హిందీ చెప్పడానికి ఊళ్లోని తెలిపారా పేట నుంచి సుభద్రాబాయి అనే ఆవిణ్ణి తెచ్చారు. వితంతువు, నాకంటే చిన్నది, నిలబడితే వెన్నెముక నిటారుగా ఉంటుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక నా పిల్లలందరూ తడక దాటి ఆవిడ దగ్గరికి వెళ్లాలి, ఆవిడ పిల్లలు ఇటు రావాలి. అలా మా నూకాలు కూడా రోజూ ఆవిడ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టింది.

ఆవిడ గదిలో పద్ధతీ పాడూ లేవు. ఎడమచేత్తో రాసే పిల్లని ఎడమచేత్తోనే రాయనిస్తుంది. కళ్లు ఆనని బెంగాలీ గుమాస్తా కొడుకుని పలక పట్టుకుని గుమ్మంలో వెలుతురులో కూర్చోమంటుంది. గ్యాంగ్‌మన్ కూతురు ఒకతి చంటి చెల్లెల్ని చంకనేసుకుని వస్తుంది. నేనైతే ముందు ఆ పసిదాన్ని ఇంట్లో దింపి రమ్మనేదాన్ని. ఆవిడ మూలన గోనెపట్టా పరిచి పడుకోబెట్టి, ఎక్కాలు చెప్పే పిల్లలతో వంతులవారీగా జోకొట్టిస్తుంది. లెక్క ఎవరి భాషలో వాళ్లు చెప్పొచ్చు, జవాబు సరైతే చాలట. నా గదిలో పిల్లలందరూ ఒక్క గొంతుతో గుణింతం చెబితే పాక దద్దరిల్లేది. బడి అంటే అలా ఉండాలని నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ గుణింతం మధ్యలో నా పిల్లలు తడక సందుల్లోంచి అటు చూస్తారు. పొరుగింటి పుల్లకూర రుచి కదా.

అదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఇంకొకటి ఉంది.

మీ మరిది ఇంజన్ మీద ఫైర్‌మన్ అని నీకు తెలుసు. కోటా వైపు వెళ్లేది ఒంటి లైను. ఎదురుబొదురుగా రెండు బళ్లు రాకుండా స్టేషన్‌లో ఒక ఇనప గుండు ఇస్తారు, దాన్ని టోకెన్ అంటారు. అది బండిలో ఉంటేనే లైను వాళ్లది, అది లేకుండా డ్రైవరు చక్రం కదపడు. బెత్తంతో చేసిన పెద్ద చక్రానికి తోలుసంచీ కట్టి, అందులో ఆ గుండు వేసి స్టేషన్ మనిషి పట్టాల పక్కన పట్టుకుని నిలబడతాడు. కర్గీ రోడ్ స్టేషన్‌లో బండి ఆగనప్పుడు, మీ మరిది ఇంజన్‌లోంచి చెయ్యి బయటికి చాచి ఆ చక్రాన్ని అందుకుంటారు. ఆ దెబ్బకి ముంజెయ్యి కమిలిపోతుంది. ఇంటికొచ్చాక పసుపు, సున్నం కలిపి పట్టు వేసేది నేను.

ఒకరోజు మధ్యాహ్నం తడక అవతల చప్పుడు లేదు. ఇంతమంది పిల్లలు నిశ్శబ్దంగా ఏం చేస్తున్నారా అని సందులోంచి చూశాను. మా నూకాలు నిలబడి ఉంది. దాని భుజానికి బెత్తం చక్రం వేలాడుతోంది. చుట్టూ పిల్లలు నోళ్లు మూసుకుని కూర్చున్నారు. అది "మా... మా... మా అయ్య" అంటూ ఆగింది. ఎవ్వరూ నవ్వలేదు, ఎవ్వరూ అందుకోలేదు. సుభద్రాబాయి పెదవి కూడా కదపలేదు. ఎంతసేపటికో నూకాలు, "మా అయ్య బండి కాడ ఇలాగే ఈ చక్రం పట్టుకుంటాడు" అని మొత్తం చెప్పేసింది. చెప్పి, చక్రం తీసి పక్కపిల్లకి ఇచ్చి కూర్చుంది.

దానికి మాటలొచ్చిన దగ్గర్నుంచి నేను దాని నోటి వెంట అంత పొడుగు మాట విన్నది లేదు, అక్కా. విని సంతోషించాలా వద్దా? నాకు ఒళ్లు మండింది. కన్నది నేను, నత్తి పోవాలని వస అరగదీసి నాలిక్కి రాసింది నేను, పైడితల్లికి ముడుపు కట్టింది నేను. నిన్న మొన్న వచ్చిన మనిషి దగ్గర నోరు విప్పుతుందా! పైగా ఏ చక్రంతో విప్పించింది? మా ఆయన చెయ్యి వాచిపోయే చక్రంతో. సొమ్మొకడిది, సోకొకడిది. పిల్లల్ని అడిగి అడిగి, మా ఇళ్లలో మగవాళ్ల పని తెలుసుకుని, బుట్టలల్లేవాళ్ల చేత ఆ చక్రం చేయించుకుందట.

బడి విడిచాక నా దగ్గరికి వచ్చి నవ్వుతూ, "దీదీ, గుంట ఈయాల ఎంత మంచిగ సెప్పినాదో, ఇన్నారా?" అంది. మన యాస కూడా పిల్లల దగ్గర పట్టేసింది. "ఆఁ, విన్నానులెండి" అని చీర సర్దుకుని వచ్చేశాను.

మర్నాడు ఇంట్లో విరిగిన జల్లెడ చట్రం ఉంటే దానికి గుడ్డ చుట్టి బడికి పట్టుకెళ్లాను. ఆవిడకి వచ్చిన విద్య నాకు రాదా? నూకాలి భుజానికి తగిలించి, పాఠం చదవమన్నాను. అది "క... క..." అంది. ఇంకోసారి "క..." అంది. నేనేం చేశాననుకున్నావ్? ఎప్పుడూ చేసేదే చేశాను, "కలప, కలప బండి" అని అందించేశాను. ముందు బెంచీలో ఉన్న రవణ అనే పిల్ల మహా పెద్దరికంగా, "టీచరమ్మా, టోకెన్ నీకాడ నేదు కదా, నీ బండెలా ఎల్లిపోనాదీ?" అంది. పిల్లలందరూ గొల్లుమన్నారు. నూకాల్ని చూసి కాదు, నన్ను చూసి. నూకాలు కూడా నవ్వింది. ఆ చట్రం లాక్కుని గోడవారకి విసిరేశాను. ఆ సాయంత్రమే నీకు పోయిన ఉత్తరం రాశాను. ఆవిడ కంటపడకుండా పిల్లని ఊరు దాటించేస్తే నా కడుపుమంట చల్లారుతుందనుకున్నాను.

మొన్న మీ మరిది డ్యూటీ దిగి వచ్చి స్నానం చేస్తున్నప్పుడు ఈ సంగతీ, పిల్లని బొబ్బిలి పంపే సంగతీ చెప్పాను, ఆవిడ మీద ఇంకో నాలుగు కల్పించి మరీ చెప్పాను. ఆయన నీళ్లు పోసుకుంటూ అంతా విన్నారు.

"ఏటే, ఒకే లైన్ల రెండు బళ్లు తోలీస్తే ఏటవుద్ది?" అన్నారు.

"గుద్దుకుంటాయి. దానికీ దీనికీ ఏటి సమ్మందం?" అన్నాను.

"గుంట బండి టేసన్ దాటకముందే నీ బండి ఎదురు తోలీస్తన్నావు. అది ఎనక్కి ఎల్లిపోద్ది గాని ఏటి సేత్తాది? ఆ యమ్మ ఏటీ సెయ్యనేదు, లైను ఒగ్గీసి కూకుంది. అంతే."

"అలగైతే ఆ యమ్మనే ఎల్లి తల్లిలాగ ఉండమను" అని చెంబు నేలకేసి కొట్టి లోపలికి వచ్చేశాను. సొట్ట పడింది. అది నువ్వు పెళ్లికి పెట్టిన చెంబే, క్షమించు.

ఆ మాటలు నూకాలు విందని నాకు తెలియదు. నిన్న శనివారం ఒంటిపూట బడి, నేను ముందే ఇంటికొచ్చేశాను; వెనకాల అది వచ్చినప్పుడు దాని భుజానికి సుభద్రాబాయి చక్రం ఉంది, అడిగి తెచ్చుకుందట. నేను వసారాలో బియ్యం చెరుగుతున్నాను. అది వచ్చి నా ఎదురుగా నిలబడి, చక్రం సరిచేసుకుని, "అ... అమ్మా" అంది.

అక్కా, దాని గొంతు తట్టుకున్నప్పుడల్లా నా నాలుక దానంతటదే లేస్తుంది. ఏం అడగబోతుందో నాకు తెలిసినట్టే ఉంటుంది. అన్నమా, నీళ్లా, జడ వెయ్యాలా? కొంగు పళ్ల మధ్య పెట్టి నొక్కుకున్నాను. చేట ఒళ్లో అలాగే ఉంది. పిచ్చుకలు వచ్చి నూకలు ఏరుకుతింటున్నా అదిలించలేదు. "న... న... నన్ను" అంది. ఆగింది. పెదవులు బిగుసుకున్నాయి, మెడ నరం లేచింది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి కానీ కొంగు వదల్లేదు.

"నన్ను బొబ్బిలి అంపీకమ్మా. నాను నీకాడ కూడా మాటాడతాను. నువ్వు కూసింతసేపు ఊరుకుంటే మాటాడతాను."

ఇన్నాళ్లూ మాటలు అందించి అందించి, నేనేదో దానికి చేతికర్రనయ్యాననుకున్నాను.

తరవాత అది చక్రం తీసి నా చేతికి తగిలించింది. తగిలించి, ఎదురుగా గొంతుక్కూర్చుని, గడ్డం కింద రెండు చేతులూ పెట్టుకుని నా మొహంలోకి చూసింది. బొబ్బిలి ప్రయాణం నీ మంచికేనని చెబుదామనుకున్నాను, గొంతు దాటలేదు. అది తొందరపెట్టలేదు. ఏమిటమ్మా అనలేదు. అలాగే కూర్చుంది. చివరికి "అంపను" అన్న ఒక్క మాట చెప్పడానికి, నత్తి లేనిదాన్ని, నాకంతసేపు పట్టింది.

అంత ఓపిక దానికి నేను నేర్పింది కాదని నాకు తెలుసు. ఎవరు నేర్పారో రాయడానికి ఇప్పటికీ కలం మొరాయిస్తోంది. కుళ్లు ఒక్కరోజులో పోయేది కాదు కదా. ఆవిడని చూస్తే రేపు కూడా నాకు మండుతుంది, అది ఖాయం. అయినా రేపు బడిలో మధ్య తడక కట్లు విప్పించి, అన్నాల తరవాత పిల్లలందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి ఇద్దరం కలిసి చెబుదామా అని ఆవిణ్ణి అడగాలనుకుంటున్నాను. మంచితనంతో కాదు. మా నూకాలు మాట్లాడితే నేను తడక సందులోంచి కాకుండా ఎదురుగా కూర్చుని వినాలి.

కాబట్టి బావగారిని నూకాల్ని తీసుకెళ్లడానికి పంపొద్దు. మీరిద్దరూ కలిసి మమ్మల్ని చూడ్డానికి రండి. ఆవపెట్టిన పనసపొట్టు తినాలని ఉంది కానీ ఇంతదూరం నిలవుండదు, మాగాయ రెండు జాడీలు తీసుకురా. ఒకటి సుభద్రాబాయికి. చిన్న జాడీ ఆవిడకి, పెద్దది నాకు. అత్తగారికీ, బావగారికీ నా దండాలు, మీ మరిదివి కూడా. మీ దీవెనలు నాకూ, ఈ పిల్లకీ సమానంగా పంచండి.

పెద్దమ్మకి ఏమైనా రాయమంటావా అని ఇప్పుడే నూకాల్ని అడిగాను. "వచ్చినాక నానే సెప్తాను" అంది. నువ్వొచ్చాక అది నీ ఎదురుగా నిలబడి మొదలుపెడితే, నీకు తెలిసినట్టు మధ్యలో అందుకోకు. నువ్వూ నాలాంటిదానివే, పైగా నాకంటే ముందు పుట్టావు. కొంగు పళ్ల మధ్య పెట్టుకుని కూర్చో.

నీ చెల్లెలు,
వరాలు