పెడల్ దిగుతుంది మామయ్యా

ఫిబ్రవరి 3, సోమవారం

సిరిసిల్లల మా చెల్లె ప్రవీణకు ఆడపిల్ల పుట్టింది. ముక్కు అచ్చం నా లెక్కనే ఉందని అమ్మ ఫోన్ల చెప్పింది.

ఇరవై ఒకటో దినం తొట్టెల పండుగ. మా అమ్మగారింట్ల బిడ్డను మొదలు తొట్టెల్ల పండవెట్టేది పెద్దమ్మనే. ఈ బిడ్డకు పెద్దమ్మ అంటే నేనే. నువ్వు లేకుంటే ఎట్ల బిడ్డా అని అమ్మ అడిగింది. వస్త అన్న. అన్నంక అత్తమ్మ దిక్కు చూసిన. అత్తమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంది. తల ఎత్తకుండనే, కారు బాగైతే పోదువు తియ్ అన్నది.

ఫిబ్రవరి 5

మామయ్య దుబాయ్‌ల డ్రైవర్‌గ చేసి వచ్చినంక ఈ డీజిల్ కారు కొన్నడు. అప్పటికే పాతది. దాని బ్రేకు రాయి లెక్క. మీద నిలబడి తొక్కినట్టు తొక్కాలె. మొన్న కోరుట్ల మార్కెట్ కాడ ఉల్లిగడ్డల బండికి తాకి ఆగింది. ఏం బాలయ్య సేటూ, కారుకు ఉల్లిగడ్డ కావాల్నా అని బండాయన నవ్విండట. దెబ్బ బండికి తగల్లేదు, మామయ్యకు తగిలింది.

ఈ కారు వచ్చిన సంది మా ఇంట్ల ఆడోళ్లు బస్సెక్కుడు బంద్. వాడకట్టు ఆడోళ్లంత ఆధార్ కార్డు చూపిచ్చి, జీరో టికెట్ తీసుకొని వేములవాడ పోతరు, ధర్మపురి పోతరు. కారున్న ఇంటి కోడలు ఫ్రీ బస్సెక్కితే నా ఇజ్జత్ ఏం గావాలె అంటడు మామయ్య. అత్తమ్మ బీడీల చాట గూడ గప్పుడే అటకెక్కింది. కారుగల్లామె అరుగు మీద కూసొని బీడీలు చేస్తదా అన్నడట. కారు లేనప్పుడే మంచిగ తిరిగినం అని అత్తమ్మ ఒకసారి అన్నది. తర్వాత అననట్టే ఉన్నది.

నా ఆధార్ కార్డు అత్తమ్మ బీరువల ఉంటది.

ఫిబ్రవరి 8

కారును జగిత్యాల మెకానిక్ మార్కండేయులు దగ్గర విడిచి వచ్చిండు మామయ్య. అన్నం తినుకుంట అంత చెప్పిండు. పెట్రోల్ బండిల ఇంజనే గాలి గుంజుతదట. డీజిల్ దాంట్ల దానికోసం పంపు వేరే ఉంటదట. ఆ గుంజుడుతోనే బ్రేకు కాడి బూస్టర్ మన కాలికి బలం ఇస్తదట. మా కారుది చిన్న బూస్టర్. అది తీసి రెండు పొరలది పెద్దది వేపిస్తుండట. చిన్న పిల్ల తొక్కినా ఆగాలె అన్నడు. అత్తమ్మ చారు పోసింది. నేను విన్న.

తొట్టెల సంగతి ఆయనకు ఫోన్ల చెప్పిన. మా ఆయన వేణు మస్కట్ల ఉంటడు. రెండేండ్లకోసారి వస్తడు, నెల ఉంటడు. నాయిన కారుల తోలుకపోతడు తియ్, జెర ఆగు అన్నడు. పెండ్లైనంక పిల్లలేరి అని వాడకట్టంత నన్నే అడుగుతరు. మస్కట్‌ను ఎవరూ అడగరు.

తొట్టెల్ల వెయ్యడానికి బొంత కుడుతున్న. నా పాత చీరలతోని. మెత్తగుండాలె.

ఫిబ్రవరి 12

కారు వచ్చింది, పొగ తోని. మేడిపల్లి దాటినంక ముంగటి చక్రాలు కాగి వాసన లేచిందట. పెడల్ మెత్తగైంది గని, పట్టిన బ్రేకు వదుల్తలేదు. దిగంగనే మామయ్య ఫోన్ల మార్కండేయులును దులిపిండు. బూస్టర్ ముంగటి రాడ్ జెర పొడుగైంది పటేలా, మనం కాలు తీసినా అది నొక్కుకుంటనే ఉంటది, రేపు నేనే వస్త అన్నడట.

ఫిబ్రవరి 13

రాలేదు.

ఫిబ్రవరి 15, శనివారం

ఇయ్యాల నేను కారు స్టీరింగ్ ముంగట కూసున్న!

మార్కండేయులు వచ్చి రాడ్ సరిజేసిండు. పైపుల్ల గాలి తియ్యాలె, లోపల కూసొని బ్రేకు నొక్కెటోళ్లు కావాలె అన్నడు. మామయ్యకు మోకాలు నొప్పి. అత్తమ్మ, నేను ఎక్కను అన్నది. నన్ను పిలిచిండ్రు. చెప్పులు విడిచి ఎక్కిన. గుడిల అడుగు పెట్టినట్టు ఎందుకు విడిచినవ్ అని మామయ్య నవ్విండు.

చక్రం కాడి నుంచి మార్కండేయులు నొక్కు అంటడు, పట్టు అంటడు, వదులు అంటడు. ఆయన అక్కడ స్క్రూ తిప్పంగనే నా కాలు కింద పెడల్ మెల్లగ జారుతది. మల్ల బిగిస్తడు. మల్ల నొక్కు. నడిమిట్ల నీది ఏ ఊరు బిడ్డా అని అడిగిండు. సిరిసిల్ల అన్న. గట్ల చెప్పు, మగ్గం తొక్కిన కాలు అన్నడు. తొక్కింది మా తాత, నేను నూలు కండెలు చుట్టిన అన్న. ఇంటికి వచ్చిన మగమనిషితోని గన్ని మాటలు నేను ఎన్నడు మాట్లాడలే.

పోయేటప్పుడు బూస్టర్ పని చేస్తుందో లేదో చూసుకునే తరీక చెప్పిండు. ఇంజన్ బంద్ ఉన్నప్పుడు పెడల్ రాయి అయ్యేదాక నొక్కాలె. కాలు అట్లనే ఉంచి చాబి తిప్పాలె. ఇంజన్ అందుకోంగనే పెడల్ దానంతట అది జెర కిందికి దిగాలె. దిగితే బూస్టర్ మంచిగున్నట్టు. దిగకుంటే నాకు ఫోన్ కొట్టు అన్నడు. నాకే చెప్పిండు. కాలు నాదే కదా.

ఫిబ్రవరి 16

పిక్క నొస్తుంది. బాగుంది.

ఫిబ్రవరి 19

రోజు పొద్దున మామయ్య బ్యానెట్ లేపి నిలబడుతడు. నేను ఎక్కి, తొక్కి, చాబి తిప్పుత. రోజు దిగుతుంది. ఎవరో కింద నుంచి నా కాలు పట్టుకొని మెత్తగ గుంజినట్టు ఉంటది. వాకిలి దాటని కారు, అయినా ఆ గడియ ఎటో పోతున్నట్టే ఉంటది నాకు.

ఇయ్యాల పగటీలి ఆయన ఫోన్ చేస్తే మామయ్య ఏం చెప్పిండంటే, బ్రేకు ఇంకా గట్టిగనే ఉంది బిడ్డా, దూరం పోవుడు కష్టం. నేను పక్కనే బట్టలు ఆరేస్తున్న. నా తప్పేమో అనుకున్న. మల్ల పోయి తొక్కి చూసిన. దిగింది.

ఫిబ్రవరి 21

అడిగిన. మామయ్యను కాదు, అత్తమ్మను. ఆమె కూర తరుగుతుంటే అడిగిన, మొఖం చూడాల్సిన పని లేకుండ. పెడల్ మంచిగనే ఉంది కదా అత్తమ్మా, మామయ్య గట్ల ఎందుకు చెప్తుండు అన్న.

నేనే చెప్పమన్న అన్నది అత్తమ్మ.

వేణు పుట్టకముందు శానా ఏండ్లు అత్తమ్మకు పిల్లలు కాలేదట. అప్పుడు తన చెల్లె కొడుకు తొట్టెలకు పోయిందట. బిడ్డను ఎత్తుకోంగనే ఎవరో పెద్దామె, సత్యవ్వా, బిడ్డను ఇటియ్యి అని చేతులకెల్లి గుంజుకున్నదట. అందరు చూసిండ్రట. నీకు ఆ గతి వద్దనే ఆపిన పిల్లా అన్నది. కత్తిపీట మీద ఆమె కన్నీళ్లు పడ్డయి. ఉల్లిగడ్డలు కాదు కోస్తున్నది, బెండకాయలు.

నాకు కోపం రావాలె. రాలేదు. ఏడుపు గూడ రాలేదు. కారు, అత్తమ్మ, మామయ్య, మస్కట్, అందరు నా మంచికే పట్టుకున్నరు. ఎవరు వదుల్తలేరు.

బొంత అయిపోయింది. అంచు ఎర్రది వేసిన.

ఫిబ్రవరి 23, ఆదివారం, వేములవాడ బస్టాండ్

సిరిసిల్ల బస్సు కోసం కూసున్న.

పొద్దున తయారై బొంత పట్టుకొని వాకిట్ల నిలబడ్డ. బ్రేకు గట్టిగుంది, పానం మీదికి ఎందుకు అన్నడు మామయ్య. నేను అన్న, పెడల్ దిగుతుంది మామయ్యా. ఆయనకు ఇనవడలేదేమో అనుకొని మల్ల అన్న. ఇనవడ్డది. చెవులు ఎర్రగైనయి. అంటే నేను అబద్ధమాడుతున్ననా అని లేచిండు. బస్సుల పోత అన్న.

గప్పుడు లేచింది లొల్లి. ఇంటి ముంగట కారు పెట్టుకొని ఫ్రీ బస్సా, ఊరంత నా మొఖం మీద నవ్వదా, ఫోన్ తే వేణుకు చేస్త అని. నేను గోడకు ఆనుకొని నిలబడ్డ. ఇగ అయిపోయింది, లోపలికి పోదును. అత్తమ్మ బీరువ చప్పుడైంది. వచ్చి నా చేతుల ఆధార్ కార్డు పెట్టింది. ఎవరన్న ఏమన్న అంటే, మొగడు మస్కట్ల ఉన్నడు, వాన్నే అడుగు పో అని చెప్పు అన్నది. నన్ను చూసి కాదు, మామయ్యను చూసి అన్నది.

బస్సుల ఎనక సీటు దొరికింది. కథలాపూర్ దాటినంక తిరిగి చూస్తే అద్దంల మా కారు. మామయ్య ఒక్కడే, రొమ్ము ముంగటికి పెట్టి తోలుతుండు. ఎవడో కారాయన, సైడ్ ఇచ్చినా పోతలేడు, ఏం రోగమో అని డ్రైవర్ గులుగుతుండు. నేను చెప్పలే. బస్సు ఆగినప్పుడల్ల నా కుడికాలు తనంతల తానే కిందికి నొక్కింది. బస్సు ఆగినప్పుడల్ల మా కారు ఆగింది. ఒక్కసారి గూడ మీదికి రాలే. దూరంగ, మెత్తగ.

ఇప్పుడు గూడ బస్టాండ్ గేటు అవతల ఆగి ఉన్నడు. నేను చూస్తే అటు చూస్తుండు.

సాయంత్రం, సిరిసిల్ల

బిడ్డను పండవెట్టిన. ఎవరు గుంజుకోలే. ఒకామె పిల్లలేరి అని అడిగింది, అత్తమ్మ మాటనే చెప్పిన, నవ్వింది. మల్ల ఏడిస్తే నేనే ఎత్తుకున్న. ఒక చేత్తో రాస్తున్న.

బయట మామయ్య హారన్ కొడుతుండు. బిడ్డ నా ఒళ్ల పండుకుంది. లేస్తలేను.