ఏడవని మనిషి

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మదురై ఆసుపత్రిలో మనసు బాగాలేనివాళ్ళతో రోజూ మాట్లాడే నువ్వు, టీవీ క్రైమ్ సీరియల్లో ముఖం చూసే నేరస్తుణ్ణి పట్టేసే డాక్టరమ్మను చూసి, "ముగం చూసి మనసు చెప్పేస్తారా? నాకు మాసాలు పడతాదే!" అని నవ్వేదానివి.

మొన్న మన వీధికి కొత్తగా వచ్చిన రాజమ్మ భర్త పోయాడు. ఆమె ఏడవలేదు.

"ఏడ్వనోళ్ళే ఏమో చేసుంటారని సీరియల్లో డాక్టరమ్మ చెప్పె కదా," అంది పక్కింటి పెద్దమ్మ, రాజమ్మకు వినబడేలాగే.

నేను వెళ్ళి రాజమ్మ పక్కన కూర్చున్నాను. "మా అక్క పోయినప్పుడు నేనూ ఏడ్వలే, పెద్దమ్మా. ఇంకా ఏడ్వలే," అన్నాను.

అందరూ వెళ్ళాక రాజమ్మ మెల్లగా అడిగింది: "మీ అక్క పేరేమి?"

చెప్పాను. ఈ ఏడాదిలో నీ పేరు నన్ను అడిగింది ఆమె ఒక్కతే.

నీ చెల్లి